చూద్దాం గారి గొడుగుల కంపెనీ

కుళాయిలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో కొనుగోళ్ల విభాగానికి పెద్ద ఒకాయన ఉండేవాడు. కన్నవాళ్లు పెట్టిన పేరు జీతం చీటీ మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. గేటు దగ్గర కాపలావాడి నుంచి యజమాని దాకా అందరికీ ఆయన చూద్దాం గారే. ఎవరు ఏ కాగితం పట్టుకొచ్చినా కళ్లజోడు నుదుటి మీదికి తోసి, కాగితాన్ని చెయ్యంత దూరంలో పెట్టుకుని, చదివినా చదవకపోయినా ఆ ఒక్క మాటే అనేవాడు: "చూద్దాం." అందులో కాదనడం లేదు, ఔననడం లేదు, మర్యాద మాత్రం నిండుగా ఉండేది. వచ్చినవాడు తన పని అయిందో లేదో తెలియకుండానే నమస్కారం పెట్టి వెళ్లిపోయేవాడు.

ఆయన బల్లకు మూడు సొరుగులు. పై సొరుగులో కలాలు, తలనొప్పి మాత్రలు. మధ్య సొరుగులో భోజనం క్యారేజీ. అడుగు సొరుగు బావిలాంటిది. వచ్చిన ప్రతి కాగితమూ అందులోకి దిగేది. దీని వెనుక ఆయనకో సిద్ధాంతం ఉంది. ఒకసారి అడిగితే అది ముచ్చట, రెండోసారి అడిగితే కోరిక, మూడోసారి అడిగితేనే అవసరం. మూడోసారి అడగడానికి ఎవడూ రాని కాగితం ఆ సొరుగులోనే కన్నుమూసేది. సిద్ధాంతం పూర్తిగా తప్పని కూడా చెప్పలేం. ఒకప్పుడు కుళాయిలకు మెరుగుపెట్టే యంత్రం కావాలని ఫ్యాక్టరీ అంతా గోలపెట్టింది. ఆయన చూద్దామన్నాడు. చూస్తూ ఉండగానే ఆ యంత్రాలు చేసే కంపెనీ దివాలా తీసింది. కొన్నవాళ్లు మరమ్మతుకు దిక్కులేక ఏడ్చారు. అప్పటి నుంచి ఆయన, "ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు," అంటూ బట్టతల నిమురుకునేవాడు. ఆ రెండూ ఆయనకు సమృద్ధిగానే ఉన్నాయి.

పెళ్లి కూడా ఇలాగే జరిగింది. అమ్మాయి తరఫువాళ్లు రెండుసార్లు కబురు పెడితే రెండుసార్లూ చూద్దామన్నాడు. మూడోసారి ఆ అమ్మాయే ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చి, చూసింది చాలుగానీ సరే అనండి, నాకు బస్సుకి వేళవుతోంది అంది. సరే అన్నాడు. ఆయన జీవితంలో ఆ మాట వెంటనే అన్నది అప్పుడొక్కసారే. ఆ తర్వాత ఇంట్లో ఏ గోడకు ఏ రంగు, ఏ బిడ్డకు ఏ బడి, ఏ పంటికి ఏ డాక్టరు అన్నదంతా ఆవిడే తేల్చేది. మీరు చూస్తూ ఉండండి, నేను చేస్తాను అనేది. అన్నట్టే ఆయన చూస్తూ ఉండేవాడు.

పెళ్లితో పాటు ఒక బావమరిది కూడా వచ్చాడు. వచ్చినవాడు ఇంట్లో ఆగకుండా ఫ్యాక్టరీ దాకా వచ్చి అమ్మకాల విభాగంలో చేరాడు. అతన్ని రెట్టింపు అంటారు. వచ్చే నెల ఎన్ని కుళాయిలు అమ్ముడుపోతాయి అని అడిగితే తన మనసులో ఉన్న అంకెను రెండుతో గుణించి చెప్పేవాడు. అది దురాశ కాదు, ముందుజాగ్రత్త. ఎందుకంటే తయారీ చూసే పెద్దమేస్త్రి, అమ్మకాలవాళ్ల మాట గాలి మాటని, ఆ అంకెను సగం చేసి పనిలోకి దిగేవాడు. సగం పనికి కావలసిన ఇత్తడికి మళ్లీ రెండింతలు రాసి చూద్దాం గారికి పంపేవాడు, అదీ రెండు నెలల ముందే, మూడుసార్లు అడగాలి కాబట్టి. చివరికి బిల్లు కత్తెరమ్మ దగ్గరికి వెళ్లేది. ఆవిడ లెక్కల విభాగం. ఏ బిల్లునైనా కళ్లు మూసుకుని సగానికి కత్తిరించేది. కత్తిరిస్తుందని తెలిసి అందరూ పెంచి రాసేవాళ్లు. పెంచి రాస్తారని తెలిసే ఆవిడా కత్తిరించేది. ఇలా ఈ అబద్ధాలన్నీ ఒకదాన్నొకటి కొట్టేసుకుని, చివరికి నిజానికి దగ్గర్లో ఎక్కడో కుళాయిలు తయారయ్యేవి. ఒకరినొకరు నమ్మకపోవడం మీద నిలబడిన సంస్థలు లోకంలో చాలా ఉన్నాయి. ఇదొకటి, అంతే.

ఇలా బండి సాఫీగా నడుస్తుండగా యజమానికి గుండెజబ్బు చేసి ఇంటికి పరిమితమయ్యాడు. ఆయన కూతురు వచ్చి ఆఫీసు గదిలో కూర్చుంది. ఫ్యాక్టరీలో అందరూ ఆమెను అమ్మాయిగారు అనేవారు. చిన్నప్పుడు స్కూలు సెలవులకు వచ్చి చూద్దాం గారి బల్ల కింద దూరి ఆడుకున్న పిల్లే. ఆయన్ని బాబాయ్ అని పిలిచేది. ఇప్పుడూ అలాగే పిలిచింది. పిలిచి కూర్చోబెట్టి, చల్లగా అసలు సంగతి చెప్పింది.

కొనుగోళ్ల కుర్చీలో తేల్చి చెప్పే మనిషి కావాలట. శనివారం పై హాల్లో ఒక ఆట పెట్టిస్తోందట. కంప్యూటర్లో ఉత్తుత్తి కంపెనీ ఉంటుంది, దాన్ని జట్లుజట్లుగా నడపాలి. డబ్బూ సరుకూ ఉత్తుత్తివే. నిర్ణయాలు మాత్రం నిజంగా తీసుకోవాలి.

"మీరెలా నిర్ణయిస్తారో ఆ రోజు నేను పక్కనే ఉండి చూస్తాను బాబాయ్. చూసి, కుర్చీ సంగతి సాయంత్రానికల్లా చెప్పేస్తాను. కాదంటే తుక్కు యార్డులో ఖాళీ ఉంది. జీతం తగ్గదు."

తుక్కు యార్డు ఫ్యాక్టరీ వెనక ఉంది. విరిగిన కుళాయిలు, వంగిన గొట్టాలు, ఒక రేకుల పంచ, మూడు కాళ్ల స్టూలు, దాని కింద ఒక ముసలి కుక్క. ఆ స్టూలు మీద ఇంతకుముందు కూర్చున్నాయన పదవీ విరమణ చేసిన విషయం రెండు వారాల దాకా ఎవరికీ తెలియలేదు. చూద్దాం గారికి జీతం సంగతి పట్టలేదు. కిటికీ పక్కనున్న తన కుర్చీ, తన మూడు సొరుగులు, పొద్దున్నే తలుపు దగ్గర నిలబడే మనుషులు, వాళ్ల నమస్కారాలు కళ్ల ముందు తిరిగాయి. మనిషి ఏ పనీ చెయ్యకపోయినా, చెయ్యడానికంటూ ఒక చోటు ఉండాలి. ఆయన ఆలోచించి, అలవాటుగా, "చూద్దామమ్మా," అన్నాడు. అమ్మాయిగారు నవ్వలేదు.

ఇంట్లో ఈ కబురు ఆయన కంటే ముందే చేరింది. రెట్టింపు ఫోన్ చేసి అక్కకు చెప్పేశాడు. చెప్పేటప్పుడు తుక్కు యార్డులో కుక్కల్ని కూడా రెండు చేశాడు. ఆవిడ అన్నం వడ్డిస్తూ ఒక్క మాటే అంది. "గేటు దాకా వచ్చి తెచ్చుకున్నాను మిమ్మల్ని. ఇప్పుడు వెనక దొడ్లో పడేస్తామంటే ఊరుకోను. ఆ రోజు నోరు తెరిచి ఏదో ఒకటి తేల్చండి. తప్పైనా ఫరవాలేదు."

శనివారం పై హాల్లో పాత కుళాయిల నమూనాలు గోడకు నెట్టి నాలుగు బల్లలు వేశారు. బల్లకో కంప్యూటరు. ఆట నడిపించడానికి ఒకాయన వచ్చాడు. సన్నగా, ఓపిగ్గా ఉన్నాడు. వచ్చిన అరగంటలోనే ఆయనకు ఆటమాస్టారు అని పేరు పడిపోయింది. ఆయన చెప్పిందేమిటంటే, నాలుగు బల్లలూ నాలుగు గొడుగుల కంపెనీలు. అందరూ అమ్ముకోవలసింది ఒకే ఊళ్లో. ఏడాదికి ఎన్ని గొడుగులు చెయ్యాలి, ఏ ధరకు అమ్మాలి, ప్రచారానికి ఎంత పెట్టాలి, కొత్త యంత్రాలు కొనాలా వద్దా అన్నవి జట్టు కూడబలుక్కుని కంప్యూటర్లో వెయ్యాలి. గంట మోగితే ఏడాది అయిపోయినట్టు. అప్పుడు యంత్రం నాలుగు కంపెనీల నిర్ణయాలూ పక్కపక్కన పెట్టి ఎవరు నిలిచారో ఎవరు మునిగారో తెర మీద చూపిస్తుంది. అలా ఐదేళ్ల వ్యాపారం సాయంత్రానికి ముగుస్తుంది.

చూద్దాం గారి బల్ల దగ్గర రెట్టింపు, పెద్దమేస్త్రి, కత్తెరమ్మ కూర్చున్నారు. జట్టుకు మేనేజింగ్ డైరెక్టర్ ఎవరన్న ప్రశ్న వచ్చింది. రేపు తిట్లు పడే కుర్చీ ఎవరికి కావాలి. ముగ్గురూ ఆయన వైపు గౌరవంగా చూశారు.

మొదటి ఏడాదంతా గొడుగు పిడి దగ్గరే గడిచిపోయింది. పిడి చెక్కదా ప్లాస్టిక్‌దా తేలనిదే తాను ఒక్క గొడుగు కూడా చెయ్యనని పెద్దమేస్త్రి భీష్మించాడు. ఆటలో పిడి ఊసే లేదని రెట్టింపు చెప్పాడు. పిడి లేకుండా గొడుగు ఎలా పట్టుకుంటారని మేస్త్రి అడిగాడు. పట్టుకోవడం కొన్నవాడి గొడవ, అమ్మడం మన గొడవ అన్నాడు రెట్టింపు. కత్తెరమ్మ మధ్యలో కలగజేసుకుని రెండు రకాల పిడులకూ ఖర్చు ఎక్కువేనంది. గంట మోగింది. వాళ్ల తెర మీద చిన్న అక్షరాల్లో ఒక ముక్క కనబడింది: మీ నిర్ణయం అందలేదు, నిరుటి నిర్ణయమే కొనసాగుతుంది. ఆటలో నిరుడు అంటే యంత్రమే ముందుగా వేసి ఉంచిన అంకెలు.

చూద్దాం గారు కుక్కిన పేనులా కూర్చున్నాడు. తెర మీద ఫలితం వచ్చింది. వాళ్లది రెండో స్థానం.

ఏం జరిగిందంటే, మొదటి బల్లవాళ్లు ఊరి బేరమంతా తామే దక్కించుకోవాలని ధర తెగ్గోశారు. అది చెవిన పడి ఎక్కడ వెనకబడతామోనని రెండో బల్లవాళ్లు ఇంకా తెగ్గోశారు. మూడో బల్లవాళ్లు అప్పు తెచ్చి ఊరంతా ప్రచారం చేసి, జనాన్ని రప్పించి, తీరా గొడుగులు చాలక చేతులెత్తేశారు. వచ్చిన జనం ఏం చేస్తారు, ఉన్నచోట కొనుక్కున్నారు.

రెండో ఏడాది కాస్త త్వరగానే ఒక మాట మీదికి వచ్చారు. అయితే కత్తెరమ్మకు అనుమానం వచ్చింది. దీనికి పైనుంచి ఆమోదం ఎవరిస్తారు? తన సర్వీసులో పై సంతకం లేకుండా ఏ అంకే కదల్లేదంది. పైన ఇంకెవరూ లేరు, మీరే పైన అని ఆటమాస్టారు వచ్చి చెప్పినా ఆవిడకు రుచించలేదు. ముగ్గురూ మేనేజింగ్ డైరెక్టర్ వైపు తిరిగారు. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోశాడు. గంట మోగింది. ఈసారి మొదటి స్థానం. మూడో ఏడాది ఇక నోళ్లు కూడా తెరవలేదు. నలుగురూ చేతులు ఒళ్లో పెట్టుకుని బస్సు కోసం నిలబడ్డవాళ్లలా గంట కోసం ఎదురుచూశారు. మళ్లీ మొదటి స్థానమే. మిగతా మూడు బల్లలు అప్పటికి ఒకదాని గొంతు ఒకటి పట్టుకుని ఉన్నాయి.

ఆటమాస్టారు తెర మీద గీతలు చూపించి మెచ్చుకున్నాడు. ఆయనకు కనబడేవి ఫలితాలే, గంట దాకా బల్ల మీద ఏం జరిగిందన్నది కాదు. పక్కవాళ్లను చూసి బెదరలేదు, ధర తగ్గించలేదు, యంత్రాలు కొనలేదు, అప్పు జోలికి పోలేదు, దీన్నే నిగ్రహం అంటారు అన్నాడు. హాల్లో చప్పట్లు మోగాయి. అప్పటిదాకా మిగతా బల్లల కొట్లాటలు చూస్తూ తిరిగిన అమ్మాయిగారు బల్ల దగ్గరికి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"అందరూ పరిగెడుతుంటే నిలబడటానికి గుండె కావాలి బాబాయ్. నేనే మిమ్మల్ని తక్కువ అంచనా వేశాను."

చూద్దాం గారు తేలు కుట్టిన దొంగలా నవ్వాడు. భోజనాల వేళకు మిగతా బల్లలవాళ్లు టీ గ్లాసులు పట్టుకుని ఆయన చుట్టూ చేరారు. ధర ఎలా నిర్ణయించారు సార్ అని ఒకడు, యంత్రాల సంగతి ముందే ఎలా కనిపెట్టారు అని ఇంకొకడు. ఎప్పుడూ ఆయన ముందు నమస్కారం పెట్టి వెనక నవ్వుకునేవాళ్లే వీళ్లంతా. ఆయన బట్టతల నిమురుకున్నాడు. దాన్ని కూడా వాళ్లు శ్రద్ధగా గమనించారు.

అంతలో భార్య ఫోన్ చేసింది. తమ్ముడు చెప్పాడట. గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది. "మీరేనా? నిజంగా మీరేనా? ఏం నిర్ణయించారో చెప్పండి, పక్కింటావిడ ఇక్కడే కూర్చుంది, ఆవిడకి చెప్తాను."

చూద్దాం గారు ఇంటికొచ్చాక చెప్తానని ఫోన్ పెట్టేశాడు. క్యారేజీ మూత తెరిచి మళ్లీ పెట్టేశాడు. ఇన్నేళ్ల తన జీవితంలో ఇంతమంది తనను మెచ్చుకున్నది ఇవాళే. మెచ్చుకున్నది తన నిర్ణయాల్ని. అవి ఎక్కడున్నాయో వెతుక్కుంటే గంట చప్పుడు తప్ప ఏమీ దొరకడం లేదు. కుర్చీ దక్కేటట్టే ఉంది. దక్కితే ఇంటికి వెళ్లి ఆవిడకు ఏం చెప్పాలి? ఒక్కటంటే ఒక్క నిర్ణయం, తను నోరు తెరిచి చేసింది, చేతిలో ఉంటే చాలుననిపించింది. ఆకలి మీద ఉన్నవాడికి అన్నం ఎలాగో, ఆ మధ్యాహ్నం ఆయనకు అదలా అయింది.

నాలుగో ఏడాది మొదలైంది. గంటకు ఇంకా చాలా సమయం ఉంది. చూద్దాం గారు కుర్చీ ముందుకు లాక్కుని, చొక్కా చేతులు మడిచి, ఎన్ని గొడుగులు అమ్ముడుపోతాయని రెట్టింపును అడిగాడు.

"ఇరవై వేలు," అన్నాడు రెట్టింపు, ఆవలిస్తూ.

"సరే."

రెట్టింపు ఆవలింత సగంలో ఆగిపోయింది. చూద్దాం గారు అప్పటికే మేస్త్రి వైపు తిరిగాడు. మేస్త్రి అలవాటు కొద్దీ నాలుగు కొత్త యంత్రాలు కావాలన్నాడు. సరే. ప్రచారంలో సగం కోసెయ్యాలంది కత్తెరమ్మ. సరే.

ముగ్గురూ ఆయన్ని, జ్వరం వచ్చినవాణ్ని చూసినట్టు చూశారు. రెట్టింపు వంగి చెవిలో, "బావా, సరే అంటే?" అన్నాడు.

"సరే అంటే సరే."

"అది కాదు బావా, నువ్వు చూద్దామంటావని..."

"ఇవాళ చూడను."

రెట్టింపు మేస్త్రి వైపు చూశాడు, నువ్వైనా సగం చెయ్యవయ్యా అన్నట్టు. మేస్త్రి కత్తెరమ్మ వైపు చూశాడు. కత్తెరమ్మ తెర వైపు చూసింది. తాను చెప్పింది రెండింతలని ఒప్పుకుంటే ఇన్నేళ్లు చెప్పిందీ రెండింతలేనని తేలుతుంది. నాలుగు చెప్తే రెండైనా వస్తాయనుకున్నానని మేస్త్రి ఎలా అంటాడు? సగం అంటే బేరమాడి ముప్పావుకు తెస్తారనుకున్నానని కత్తెరమ్మ ఎలా అంటుంది? ముగ్గురికీ మింగలేక కక్కలేక అయిపోయింది. అమ్మాయిగారు పక్క బల్ల దగ్గరే ఉంది. చూద్దాం గారు అంకెలన్నీ ఒక్కొక్కటే వేసి, గంట కొట్టకముందే, చూపుడువేలు పైకెత్తి, అందరికీ కనబడేలా మీట నొక్కాడు. ఒళ్లంతా ఒక వెచ్చదనం పాకింది. గేటు దగ్గర సరే అన్న రోజు కూడా ఇలాగే అనిపించిందని గుర్తొచ్చింది.

ఫలితం తెర మీదికి వచ్చింది. ఆ ఆటలో ప్రతి కంపెనీకీ ఒక గోదాము బొమ్మ ఉంటుంది. అమ్ముడుపోని గొడుగులు అందులో పేరుకుంటాయి. చూద్దాం గారి గోదాములో గొడుగులు నేలంతా నిండి, కప్పు దాకా లేచి, తలుపులోంచి బయటికి దొర్లాయి. బొమ్మ గీసినవాడు ఇంత గుట్ట ఎవడు పెడతాడులే అనుకున్నాడేమో, మిగతావి పక్క కంపెనీ గోదాము మీద పడ్డాయి. యంత్రాల అప్పు ఎర్రగా వెలిగింది. సగం ప్రచారానికి సగం జనమే వచ్చారు. మొదటి స్థానం నుంచి ఆఖరికి.

"ఎండకి కూడా వేసుకోవచ్చు లెండి సార్," అన్నాడు మూడో బల్లవాడొకడు. హాలు ఘొల్లుమంది. టీ గ్లాసుతో ధర రహస్యం అడిగింది వాడే. అమ్మాయిగారు నవ్వలేదు. కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది. ఆ కిటికీలోంచి చూస్తే కనబడేది తుక్కు యార్డు.

ఒక్క ఏడాది మిగిలింది. మునిగినవాడికి చలేమిటి. చూద్దాం గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. కోపం రాలేదు. కుర్చీ పోయిందన్నది ఖాయమయ్యాక ఒక ప్రశ్న మాత్రం మిగిలింది ఆయనకి. నెమ్మదిగా అడిగాడు.

"ఒరేయ్, నిజంగా ఎన్ని అమ్ముడుపోతాయిరా?"

"నిజంగానా?"

"నిజంగా."

రెట్టింపు గోళ్లు చూసుకున్నాడు. "నిజంగా అని ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదు కదా బావా. ఊరికే ఎంత అని అడుగుతారు, నేనూ ఊరికే చెప్తాను." తర్వాత, గొంతు తగ్గించి, పదివేలన్నాడు. ఆ అంకె అతని నోట్లోంచి వస్తుంటే అతనికే కొత్తగా ఉంది. మేస్త్రి తల గీరుకుని, ఉన్న యంత్రాలే ఎక్కువ, రెండు అమ్మేసినా పని ఆగదన్నాడు. కత్తెరమ్మ ముక్కు తుడుచుకుని ప్రచారానికి తాను కోసింది తిరిగి పెట్టెయ్యమంది. మీరందరూ పెంచి రాస్తారని కోశాను గానీ, నాకేమైనా సరదానా, ఇంటికెళ్లి కూరగాయలవాడితో కూడా బేరం మానలేకపోతున్నాను అంది. కొద్దిసేపు నలుగురూ నవ్వారు. నవ్వుతూనే నిజం అంకెలు వేశారు. గుట్టలోంచి కొన్ని గొడుగులు కరిగాయి. ఆట ముగిసేసరికి చివరి నుంచి రెండో స్థానం. అప్పు తెచ్చిన మూడో బల్ల ఇంకా కిందుంది.

ఆటమాస్టారు అందరికీ నమస్కారం చెప్పి వైర్లు చుట్టుకుంటుండగా అమ్మాయిగారు చేతిలో ఒక కాగితంతో వచ్చింది. మడతలు పడి, అంచులు నలిగి ఉంది. చూద్దాం గారు దూరం నుంచే గుర్తుపట్టాడు. అది తన అడుగు సొరుగులోది.

"మేస్త్రి గారు రెండుసార్లు అడిగారట, ఇత్తడి కావాలని. ఇది ఆట కాదు బాబాయ్. కొందామా వద్దా? ఇప్పుడు చెప్పండి."

ముందు నుయ్యి, వెనుక గొయ్యి. సరే అంటే ఏమవుతుందో ఇందాకే తెర మీద చూశారు. చూద్దామంటే ఏమవుతుందో కిటికీలోంచి కనబడుతోంది. చూద్దాం గారు కాగితం తీసుకున్నాడు. మొదటిసారి కళ్లజోడు పెట్టుకుని, దాన్ని దగ్గరగా పట్టుకుని చదివాడు. చదివి పెద్దమేస్త్రి వైపు తిరిగాడు.

"నిజంగా ఎంత కావాలి మేస్త్రీ?"

పెద్దమేస్త్రి మెడ ఎర్రబడింది. ఒక కాలు మీంచి ఇంకో కాలు మీదికి మారాడు. "సగం," అన్నాడు. "నిజం చెప్పాలంటే సార్... అసలు అక్కర్లేదు."

అక్కర్లేకపోవడం ఏమిటని అందరూ మెట్లు దిగి స్టోరుకు నడిచారు. వెనక గది మూలలో పాత గోనెసంచులు కప్పి ఉన్నాయి. మేస్త్రి వాటిని ఒక్కొక్కటే తీశాడు. కింద ఇత్తడి. కడ్డీల మీద కడ్డీలు, మనిషి ఎత్తున, కొన్ని ఆకుపచ్చగా చిలుముపట్టి, ఎన్నో ఏళ్లవి. అడిగినప్పుడు రాదు కాబట్టి వచ్చినప్పుడల్లా కొంత దాచుకున్నాడట. దాచుకున్నది వాడితే మళ్లీ అడగాలి కాబట్టి వాడలేదట. ఇక అదే అలవాటైపోయిందట. చివర్లో మేస్త్రి, "మిమ్మల్ని మూడుసార్లు అడగాలంటే నాకు భయం సార్," అన్నాడు.

రెట్టింపు గుట్ట చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "అవే గొడుగులు," అన్నాడు.

చూద్దాం గారు ఒక కడ్డీ చేతిలోకి తీసుకుని చిలుమును బొటనవేలితో గీకాడు. ఈ గదిలోకి తాను అడుగుపెట్టి ఎన్నేళ్లయిందో గుర్తురాలేదు. చూద్దాం చూద్దాం అంటూ గడిపిన మనిషి చూడనిది ఇంత ఉందన్నమాట. ఆయన కాగితాన్ని నిలువునా చించాడు. ఇది కరిగేదాకా కొనేది లేదమ్మా అన్నాడు.

అమ్మాయిగారు ఇత్తడి వైపు, మేస్త్రి వైపు, చివరికి ఆయన వైపు చూసింది. పొద్దున కుర్చీ ఇచ్చేద్దామనుకుందట, మధ్యాహ్నం లాగేద్దామనుకుందట.

"నిజంగా ఎంత అని ఈ ఫ్యాక్టరీలో ఒకళ్లైనా అడిగారు, సంతోషం. అడగడానికి ఇన్నేళ్లు పట్టింది, అదే బాధ. కుర్చీ మీకే ఉంచుతున్నాను బాబాయ్. సొరుగు మాత్రం ఉంచను."

అక్కడికక్కడే వడ్రంగిని పిలిపించారు. అడుగు సొరుగు ఊడదీసి బయటికి మోసుకెళ్తుంటే, అందులోంచి మూడోసారికి నోచుకోని కాగితాలు వరండా పొడుగునా రాలుకుంటూ పోయాయి. తుక్కు యార్డులో కుక్క ఇప్పుడు అందులో పడుకుంటోందని వినికిడి.

ఇంట్లో భార్య గుమ్మంలోనే ఎదురైంది. ఆయన దాచకుండా అంతా చెప్పాడు. మూడేళ్లు గంటే నడిపిందని, నాలుగో ఏడు తాను ముంచానని, ఇత్తడి గుట్టని, సొరుగుని. ఆవిడ విని, కుర్చీ ఉందా అని అడిగింది. ఉందన్నాడు. "అయితే గంట సంగతి పక్కింటావిడకి చెప్పకండి. నిగ్రహం అని చెప్పేశాను," అంది.

సోమవారం పొద్దున రెట్టింపు ఒక కాగితం తెచ్చి నిలబడ్డాడు. చూద్దాం గారు కళ్లజోడు నుదుటి మీదికి తోశాడు. చెయ్యి దానంతటదే కిందికి వెళ్లింది. కింద సొరుగు లేదు. కాగితం ఖాళీలోంచి జారి ఆయన చెప్పు మీద పడింది. ఇద్దరూ దాన్ని చూశారు. చూద్దాం గారు వంగి తీసుకుని, దుమ్ము దులిపి, కళ్లజోడు కిందికి లాగి చదివాడు. తలెత్తాడు. ఇంకా నోరు తెరవకముందే రెట్టింపు చెయ్యి చాచాడు.

"ఇలా ఇవ్వు బావా. అంకె సరిచేసుకుని తెస్తాను."